కిట్ విమానం బొమ్మలా ఎందుకు కనిపిస్తుంది? మార్పులు ఎక్కడ మొదలుపెట్టాలి?

1/72 స్కేల్ (అసలులో 72వ వంతు) విమానాన్ని ముక్కలు అతికించి కట్టుకునే ప్లాస్టిక్ కిట్‌లో రెక్క వెనక అంచు చాలాసార్లు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. వేలితో తడిమితే పల్చగానే తోస్తుంది. 72తో గుణిస్తే 36 మిల్లీమీటర్లు. అంటే అసలు విమానం రెక్క తలుపు చెక్కంత మందాన ముగిసిందన్నమాట. నిజమైన రెక్క అక్కడ కొన్ని మిల్లీమీటర్లకు మించదు. పైరేకు సంగతి ఇంకా విడ్డూరం. రెండో ప్రపంచ యుద్ధం నాటి యుద్ధవిమానాల మీద అల్యూమినియం రేకు చాలాచోట్ల మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండేది. 1/48లో అది 0.02 మిల్లీమీటర్లు కావాలి. కిట్‌లో ప్లాస్టిక్ గోడ మందం మిల్లీమీటరు దాకా ఉంటుంది. అసలు లెక్కలో అది దాదాపు 5 సెంటీమీటర్లు.

అతుకులు కనపడకుండా కట్టి, రంగు చక్కగా వేసిన మోడల్‌ని చూసినా 'ఇది బొమ్మ' అని కన్ను పసిగట్టేయడానికి చాలావరకు ఈ మందమే కారణం. కాక్‌పిట్‌లో మీటలు తక్కువయ్యాయని ఎవరికీ అలా అనిపించదు. చక్రాల గూడు అంచు, ఇంజన్ గాలి పీల్చే నోరు, పైలట్ మీద ఉండే కెనపీ గాజు, తెరిచి ఉన్న తలుపులు లావుగా కనపడటం వల్ల అనిపిస్తుంది. అయినా కిట్‌ని మెరుగుపరచాలనుకున్నవాళ్లు ముందు కొనేది కాక్‌పిట్ కోసం ఇత్తడి రేకు భాగాలు, రెజిన్ (పోత పోసే గట్టి ప్లాస్టిక్) సీటు, త్రీడీ ప్రింట్ చేసిన పరికరాల పలక. అవి అనవసరమని కాదు. వరసే తలకిందులు. ముందు ఆకారం, తర్వాత మందం, ఆ తర్వాత పై ఉపరితలం చూసుకోవాలి. చేర్చే వివరాల వంతు వీటన్నిటి తర్వాతే వస్తుంది. చేర్చడం కంటే తీసేయడంతోనే ఎక్కువ ఫలితం వచ్చే హాబీ ఇది.

అచ్చు చేయలేని పనులు

కిట్ ఎక్కడ రాజీపడుతుందో పెట్టె తెరవకముందే ఊహించవచ్చు, అచ్చు ఎలా పనిచేస్తుందో తెలిస్తే చాలు. రెండు ఉక్కు దిమ్మల మధ్య ఖాళీలోకి కరిగిన పాలీస్టైరీన్‌ని పెద్ద ఒత్తిడితో పంపుతారు. చల్లారాక దిమ్మలు విడిపోతాయి, లోపలి పిన్నులు భాగాన్ని బయటికి తోస్తాయి. దిమ్మలు విడిపోయే దిశకు అడ్డంగా ఉన్న గుంట ఏదీ ఇందులో సాధ్యం కాదు. నిలువు గోడలు కొద్దిగా ఏటవాలుగా ఉంటేనే భాగం ఊడి వస్తుంది. గోడ మరీ పల్చనైతే ప్లాస్టిక్ చివరిదాకా పారదు. మరీ మందమైతే చల్లారేటప్పుడు ముడుచుకుని పైన గుంట పడుతుంది. తోసిన పిన్ను ఉన్నచోట గుండ్రటి మచ్చ మిగులుతుంది, తరచూ తలుపు లోపలి వైపో, చక్రాల గూడు పైకప్పు మీదో.

ఇక జాబితా దానంతటదే తయారవుతుంది. తుపాకీ గొట్టాలు, పొగ గొట్టాలు గుల్లగా కాక గట్టి కడ్డీల్లా వస్తాయి. కాక్‌పిట్ పక్క గోడల మీద పరికరాలు లోతు లేకుండా, అప్పడంలా అతుక్కున్నట్టు ఉంటాయి. జెట్ విమానం గాలి గొట్టం రెండు సగాలుగా వచ్చి, చెయ్యి దూరని లోతులో అతుకు గీత మిగులుస్తుంది. గుండ్రటి ముక్కు పక్కల మీది గీతలు దిమ్మలు కలిసే చోటికి వచ్చేసరికి పల్చబడి మాయమవుతాయి. పక్క నుంచి జారే మూడో దిమ్మను పెట్టే స్లైడ్ మోల్డ్ పద్ధతి ఈ చిక్కుల్లో కొన్నింటిని తీర్చింది. గుల్ల తుపాకీ గొట్టాలు, ఒకే ముక్కగా ఇంజన్ కవచం ఇప్పుడు పెట్టెలోనే దొరుకుతున్నాయి. మందం సమస్య మాత్రం అలాగే ఉంది. అది యంత్రానిది కాదు, పదార్థానిది.

ముందు కొలవాలి

ఆకారం తప్పయిన కిట్‌కి వివరాలు చేర్చడం దండగ. డిజిటల్ కాలిపర్, అసలు విమానం కొలతలు ఉంటే పది నిమిషాల పని. బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ రెక్కల కొస నుంచి కొసకు 11.23 మీటర్లు. 1/48లో 234 మిల్లీమీటర్లు, 1/72లో 156 రావాలి. పేరున్న కంపెనీలు కూడా ఇక్కడ తడబడ్డాయి. చెక్ కంపెనీ ఎడ్వార్డ్ 2014లో తెచ్చిన 1/48 బీఎఫ్ 109 జీ-6 అనే జర్మన్ యుద్ధవిమానం కిట్ ఉండాల్సిన దానికంటే పెద్దదిగా వచ్చింది. కంపెనీ ఆ పొరపాటు దిద్దుకుని 2016లో కొత్త అచ్చుతో మళ్లీ విడుదల చేసింది. జపాన్ కంపెనీ హాసెగావా 1/48 స్పిట్‌ఫైర్ మార్క్ 9 రకం వెనక బాడీ పొట్టిగా ఉండటం మోడలర్లందరికీ తెలిసిన సంగతే.

అయితే కాలిపర్ చూపించిన ప్రతి తేడానూ సరిచేయాలన్న నియమం లేదు. 234 మిల్లీమీటర్ల రెక్కల్లో రెండు మిల్లీమీటర్లు తగ్గితే షెల్ఫ్‌లో ఉన్న మోడల్ చూసి ఎవరూ కనిపెట్టలేరు. అదే కెనపీ వంపులో అర మిల్లీమీటరు తేడా వచ్చినా, ముక్కు కాస్త మొద్దుబారినా విమానం ముఖమే మారిపోతుంది. మనుషుల్ని పోల్చుకునేది ఎత్తుతో కాదు, ముఖంతో. విమానానికి ముఖం అంటే పక్క నుంచి చూసినప్పుడు ముక్కు, కెనపీ, తోక కలిసి గీసే రేఖ. దిద్దుబాటుకు వెచ్చించే శ్రమంతా అక్కడే పెట్టాలి.

ఇంకో చిక్కు, దేంతో పోల్చి చూడాలన్నది. పుస్తకాల్లో వచ్చే స్కేల్ డ్రాయింగులు చూపుకి ఎంతో నిక్కచ్చిగా ఉంటాయి. కానీ వాటిలో చాలా డ్రాయింగులు పాత డ్రాయింగుల్ని చూసి గీసినవి, పాత తప్పులతో సహా. ఫొటోలు నిజమే చెప్తాయి. కాకపోతే దగ్గరి నుంచి వెడల్పు లెన్స్‌తో తీసిన ఫొటోలో ముక్కు ఉబ్బుతుంది, తోక సన్నబడుతుంది. మ్యూజియంలో నిలబెట్టిన విమానాన్ని స్వయంగా చూసినా పూర్తి భరోసా లేదు. పునరుద్ధరించేటప్పుడు వేరే విమానం నుంచి తెచ్చిన చక్రం, కొత్త రేడియో, ఇప్పటి రంగు అందులో చేరి ఉంటాయి. తీసిన తేదీ తెలిసిన, కాస్త దూరం నుంచి పక్కగా తీసిన నాటి ఫొటో ఒక్కటి దొరికితే పది డ్రాయింగులకు సమానం.

పొట్టిదైన బాడీని పొడిగించడం వినడానికి భయపెడుతుంది గానీ చేస్తే మామూలు పనే. ప్యానెల్ లైన్ (రేకుల మధ్య గీత) ఉన్నచోటే సన్నని రంపంతో కోసి, కావలసిన మందం వచ్చేలా ప్లాస్టిక్ షీట్ ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికించి మధ్యలో పెట్టి, ఆరాక ఉప్పు కాగితంతో వంపుకు సరిపోయేలా అరగదీయాలి. పుట్టీతో నింపడం కంటే ఇదే మేలు. నింపిన ముక్క కూడా ప్లాస్టిక్కే కాబట్టి తర్వాత దాని మీద గీతలు గీస్తే ఒకే తీరులో తెగుతాయి.

పల్చన చేయడం

రెక్క వెనక అంచుని బయటి వైపు నుంచి అరగదీయకూడదు. అలా చేస్తే పైనున్న గీతలు పోతాయి, రెక్క వంపూ చెడుతుంది. పై సగం, కింది సగం అతికించకముందే, రెండూ కలిసే లోపలి ముఖాన్ని చదునైన దిమ్మకి అంటించిన ఉప్పు కాగితం మీద రుద్దాలి. దీపం ముందు పెట్టినప్పుడు అంచు దగ్గర ప్లాస్టిక్ నుంచి వెలుతురు తొంగిచూడటం మొదలైతే చాలు. చిరుగుతుందనిపించే దశకు ముందే ఆపాలి.

మిగతా చోట్ల సూత్రం ఇంకా సులువు. గోడ మొత్తాన్ని పల్చన చేయనక్కర్లేదు, కంటికి కనపడే అంచుని మాత్రమే పల్చన చేయాలి. లోపలి వైపు నుంచి ఏటవాలుగా చెక్కితే బయటి నుంచి చూసేవాడికి అంతా రేకులాగే ఉంటుంది. చక్రాల గూడు చుట్టూ, ఇంజన్ కవచం ముందూ వెనకా, కాక్‌పిట్ ఒడ్డు, గాలి నోరు పెదవి, రేడియేటర్ తలుపు, ఇవన్నీ ఈ చెక్కుడుకి వస్తాయి. గుండ్రని మొన ఉన్న కత్తి, చిన్న ఆకురాయి తప్ప ఏమీ అక్కర్లేదు. పొగ గొట్టాల మొనల్ని సన్న డ్రిల్ బిట్‌తో తొలిచి, కత్తి కొసతో పెద్దవి చేస్తే కొన్న రెజిన్ గొట్టాలకు దాదాపు సాటి వస్తాయి. చక్రాల తలుపులు మాత్రం చెక్కడం కంటే పారేసి 0.25 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీట్‌తో కొత్తగా కోసుకోవడమే సుఖం. లోపలి వైపు పిన్ను మచ్చల బెడద కూడా దాంతో పోతుంది.

కెనపీ దగ్గర ఈ కిటుకు పనిచేయదు. గాజు పారదర్శకం కనుక మందమంతా కనిపిస్తుంది, అంచు వంకర టింకర వెలుగు మెరుపుతో దొరికిపోతుంది. మూసి ఉంచితే పెద్ద నష్టం లేదు. వెనక్కి జరిపి తెరిచి ఉంచాలంటేనే సమస్య. అసలు విమానంలో జారే కెనపీ వెనక బాడీని హత్తుకుని కూర్చుంటుంది. కిట్ ముక్క మాత్రం లోపలి కొలత చాలక ఎత్తులో నిలబడిపోతుంది. వేడి షీట్‌ని గాలి పీల్చి అచ్చుకు హత్తించే వాక్యూమ్ ఫార్మ్ పద్ధతిలో చేసిన పల్చటి కెనపీ ఉన్నది ఈ ఒక్క సందర్భం కోసమే అన్నా తప్పులేదు. దాన్ని షీట్ నుంచి వేరు చేసేటప్పుడు కత్తెర కాకుండా కొత్త బ్లేడుతో ఒకే గీత మీద పదిసార్లు తేలిగ్గా గీయాలి. అతికించడానికి సూపర్ గ్లూ వాడితే ఆవిరి పట్టి గాజు తెల్లబారుతుంది. తెల్ల పీవీఏ బంక ఆ పని చేయదు, పొరపాటు జరిగితే నీళ్లతో కడుక్కోవచ్చు కూడా. కిట్ గాజునే వాడేవాళ్లు సన్న పాలిష్ కాగితాలతో ఒక్కో మెట్టుగా రుద్ది, పారదర్శకమైన యాక్రిలిక్ పూతలో ముంచి తీస్తే గీతలు చాలావరకు మాయమవుతాయి.

గీతలు, రివెట్లు

అసలు విమానం మీద రెండు రేకుల మధ్య సందు మిల్లీమీటరు, మహా అయితే రెండు. 1/72లో అది 0.03 మిల్లీమీటర్లు కూడా కాదు. అచ్చు గీత 0.2 మిల్లీమీటర్లున్నా 14 మిల్లీమీటర్ల కాలువ అయింది. అంటే ప్యానెల్ లైన్ అన్నది స్కేల్ ప్రకారం ఎప్పటికీ అబద్ధమే. కాకపోతే చూసేవాడు ఒప్పుకున్న అబద్ధం. గీత అస్సలు లేకపోతే మోడల్ సబ్బు బిళ్ల అయిపోతుంది, లోతైతే కందకం అయిపోతుంది. 1970ల నాటి మ్యాచ్‌బాక్స్ కిట్లకు ఇప్పటికీ ఆ చెడ్డపేరు పోలేదు. ఆ కాలపు ఇతర కిట్లలో చాలావాటికి గీతలు పైకి ఉబికి ఉండేవి. సన్నగా ఉన్నంతవరకు అవేమీ పాపం కాదు. అతుకు రుద్దేటప్పుడు చెరిగిపోవడమే వాటితో వచ్చే అసలు ఇబ్బంది.

ఉబుకు గీతల్ని తీసేసి కొత్తగా చెక్కడం ఈ హాబీలో అన్నిటికంటే ఓపిక కోరే పని. మందపాటి టేపును గైడుగా అతికించి, చెక్కే పనిముట్టుని బరువు వేయకుండా ఒకే దిశలో లాగాలి. మొదటి రెండు మూడు గీతలు దారి వేయడానికే, లోతు కోసం కాదు. కత్తి కొసతో గీస్తే ప్లాస్టిక్ పక్కలకు లేచి గట్లు కడుతుంది. సూది అయినా అంతే. ఉలి మొన ఉన్న పనిముట్టు పొట్టు తీస్తుంది, గట్టు కట్టదు. జారి గీత పక్కకు పోతే దాన్ని సూపర్ గ్లూతో నింపాలి, పుట్టీతో కాదు. పుట్టీ మీద మళ్లీ గీస్తే అంచులు పొడిపొడిగా రాలతాయి. కానీ సూపర్ గ్లూని మర్నాటి దాకా వదిలేస్తే ప్లాస్టిక్ కంటే గట్టిపడి, రుద్దినప్పుడు చుట్టూ ఉన్న ప్లాస్టిక్కే అరుగుతుంది. వేసిన కొద్ది గంటల్లోనే చదును చేసేయాలి.

కొన్నిసార్లు గీతలు పూడ్చడమే సరైన డీటెయిలింగ్. అమెరికన్ యుద్ధవిమానం పి-51 మస్టాంగ్ ఇందుకు మంచి ఉదాహరణ. దాని రెక్క గాలి ప్రవాహం చెదరకుండా ఉండేలా రూపొందించింది కాబట్టి, ఫ్యాక్టరీలోనే రెక్క ముందు భాగాన, వెడల్పులో దాదాపు 40 శాతం మేర, రేకు అతుకులు, రివెట్లు పుట్టీతో నింపి నునుపు చేసి వెండి రంగు పూసేవాళ్లు. బాడీ మీద మాత్రం రంగు లేని లోహం మెరిసేది. తుపాకుల గది మూత లాంటివి తప్ప రెక్క ముందు భాగంలో గీతలు కనపడకూడదు. మస్టాంగ్ కిట్లు చాలావాటిలో రెక్క నిండా గీతలూ రివెట్లూ ఉంటాయి, అందంగానే ఉంటాయి. వాటిని పూడ్చి, రెక్కకు పూసిన వెండి రంగుకీ బాడీ మీది లోహపు మెరుపుకీ తేడా చూపించిన మోడల్ పక్కన పెడితే ఏది విమానమో, ఏది కిట్టో ఇట్టే తెలిసిపోతుంది. అదే విమానంలో చక్రాల గూడు వెనక గోడ నిజానికి రెక్క అడ్డదూలమే, తిన్నగా సాగుతుంది. చాలా కిట్లు దాన్ని గూడు నోటి ఆకారాన్ని బట్టి వంకరగా తిప్పేశాయి. విమానాన్ని తిరగేసి చూసేవాళ్లు తక్కువ కాబట్టి దీన్ని దిద్దాలా వద్దా అన్నది కట్టేవాళ్ల ఇష్టం.

గుడ్డ కప్పిన భాగాల దగ్గర ఇంకో రకం అతి కనిపిస్తుంది. బ్రిటిష్ యుద్ధవిమానం హరికేన్ వెనక బాడీ మీద గుడ్డ డోప్ అనే వార్నిష్ పూసి బిగించింది, డప్పు తోలులా లాగి ఉంటుంది. కిట్లలో అది పక్కటెముకలు బయటపడ్డ పశువులా కుంగి ఉంటుంది. ప్రైమర్ రెండు మూడు పూతలు వేసి, ఎత్తుగా ఉన్నచోట్ల తేలిగ్గా రుద్దితే పల్లాలు తగ్గుతాయి.

ఇక రివెట్లు. నున్నగా దిగ్గొట్టిన రివెట్ తల 5 మిల్లీమీటర్లు అనుకున్నా 1/48లో 0.1 మిల్లీమీటరు. పళ్ల చక్రంతో గుచ్చి వేల రివెట్లు వేసేవాళ్లున్నారు. వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు మాత్రమే కనిపించేలా వేస్తే చూడముచ్చటగా ఉంటుంది. అన్నిటిలోకీ నల్లటి వాష్ (పల్చటి రంగు నీరు) దింపి ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా చేస్తే మాత్రం శ్రమ కనిపిస్తుంది గానీ విమానం కనిపించదు.

ఇత్తడి, రెజిన్, త్రీడీ ప్రింట్

ఇప్పుడు కాక్‌పిట్ దగ్గరికి రావచ్చు. 1/72 యుద్ధవిమానంలో పైలట్ కూర్చునే తెరపు వెడల్పు సెంటీమీటరుకు లోపే ఉంటుంది, అందులో సగం సీటు కప్పేస్తుంది. బయటినుంచి కనపడేవి సీటు పైభాగం, బెల్టులు, పరికరాల పలక పైసగం, తుపాకీ గురిచూసే గాజు, కుడి ఎడమ గోడల పైఅంచు. పెడల్స్ ఎంత అద్భుతంగా చేసినా బాడీ మూశాక టార్చి వేస్తే తప్ప దొరకవు. అయినా చేస్తారు. అక్కడ ఉన్నాయని తనకు తెలుసు కదా అన్నది కట్టేవాళ్ల సమాధానం. దానికి ఎదురు వాదన లేదు. ఇంగ్లిష్ మోడలర్లు ఈ తత్వానికి వేళాకోళంగా 'అడ్వాన్స్‌డ్ మోడలర్స్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. దాని ముఖ్య లక్షణం, పెట్టె మీద పెట్టె కొనడం, విమానం మాత్రం పూర్తికాకపోవడం.

పదార్థాన్ని ఎంచుకోవడానికి ఒక గట్టి కొలబద్ద ఉంది. అసలు వస్తువు ఏ ఆకారంలో ఉందో దానికి సరిపడే పదార్థమే వాడాలి. ఫొటో ఎచ్, అంటే రసాయనంతో కోసిన, ఇత్తడి రేకు చదునుగా, 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల మందంలో ఉంటుంది. కాబట్టి బెల్టులు, జాలీ, రేడియేటర్ ముఖం, సన్న పలకలు, పెడల్స్ దానికి సరిగ్గా కుదురుతాయి. అదే సెట్‌లో వచ్చే కంట్రోల్ స్టిక్, మీటలు, గొట్టాలు మాత్రం చదునుగా నొక్కేసినట్టే ఉంటాయి. వాటికి తీగ, ప్లాస్టిక్ కడ్డీ మేలు. కిట్‌తో వచ్చిన ముక్క కూడా మేలే. సెట్‌లో ఉంది కాబట్టి వాడాలన్న నియమమేం లేదు. ఇత్తడి వంగనంటే మంట మీద ఒకసారి ఎర్రబడేలా కాల్చి చల్లారనిస్తే మెత్తబడుతుంది.

సీటు, ఇంజన్, చక్రం లాంటి నిండు వస్తువులకు రెజిన్, ఇప్పుడు దానికంటే ఎక్కువగా త్రీడీ ప్రింట్ సరిపోతాయి. పోత రెజిన్ కాక్‌పిట్‌తో వచ్చే తంటా ఒక్కటే, అది పట్టదు. బాడీ లోపలి గోడల్ని వెలుతురు కనపడేంత పల్చగా గీకాలి. గీకుతూ ప్రతి రెండు నిమిషాలకూ బంక లేకుండా జోడించి చూడాలి. పోత దిమ్మని రంపంతో కోసేటప్పుడు వచ్చే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడిపి రుద్దాలి, ముక్కుకు మాస్కు ఉండాలి. త్రీడీ ప్రింట్ భాగాలకు ఆ గీకుడు తక్కువ. కానీ ఊత పుల్లలు తెంపే దగ్గర ఓపిక లేకపోతే భాగమే విరుగుతుంది. పరికరాల పలకకు ఇటీవల వచ్చిన ఉబ్బెత్తు త్రీడీ డెకాళ్లు (అతికించే ముద్రిత బొమ్మలు) రంగులతో సహా సిద్ధంగా ఉంటాయి. చేతి రంగు నైపుణ్యం లేనివాళ్లకు ఇదొక వరం. నైపుణ్యం ఉన్నవాళ్లకు మాత్రం అన్ని మోడళ్ల కాక్‌పిట్లూ ఒకేలా ఉండటం కాస్త విసుగే.

మోడల్ కాదు, ఆ ఒక్క విమానం

మార్పుల్లో అన్నిటికంటే ఆసక్తికరమైనది కన్వర్షన్, ఒక రకం కిట్‌తో మరో రకం విమానాన్ని చేయడం. స్పిట్‌ఫైర్ మార్క్ 5 కిట్‌ని మార్క్ 9 చేయాలంటే ముక్కు మార్చితే సరిపోదు. రెండు దశల సూపర్‌ఛార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) ఉన్న మెర్లిన్ ఇంజన్ వల్ల ముక్కు పొడుగైంది, ప్రొపెల్లర్‌కు నాలుగో ఆకు వచ్చింది, పొగ గొట్టాలు పక్కకు ఆరు అయ్యాయి. వేడి పెరిగినందుకు రెక్కల కింద రెండు వైపులా ఒకేలాంటి పెద్ద రేడియేటర్ పెట్టెలు వచ్చాయి. మార్క్ 5లో ఒక వైపే పెద్దది, రెండో వైపు చిన్న ఆయిల్ కూలర్. ఇలా ప్రతి మార్పుకీ వెనక ఇంజనీరింగ్ కారణం ఉంటుంది. ఆ కారణం తెలుసుకున్నవాళ్లు జాబితా చూడకుండానే ఏమేం మారి ఉంటాయో వెతుక్కోగలరు. బీఎఫ్ 109 జీ-6కి ముక్కు మీద రెండు బొడిపెలు ఎందుకున్నాయి? పాత సన్న తుపాకుల స్థానంలో 13 మిల్లీమీటర్ల ఎంజీ 131లు రావడంతో వాటి వెనక భాగం కవచంలో ఇమడలేదు. కాబట్టి దానికి ముందు రకం జీ-4 చేయాలనుకుంటే బొడిపెలు తీసేయాలి. రెక్క పైన చక్రం కోసం వచ్చిన ఉబ్బుని మాత్రం ఉంచాలి, ఎందుకంటే పెద్ద చక్రం జీ-4తోనే వచ్చింది.

అంతటితో అయిపోదు. జీ-6లోనే పొడుగు తోక ఉన్నవీ లేనివీ, పాత కెనపీ ఉన్నవీ తక్కువ చట్రాల కొత్త కెనపీ ఉన్నవీ ఉన్నాయి. మరమ్మతుకు వెళ్లిన విమానం పాత రెక్కతో, కొత్త తోకతో తిరిగొచ్చేది. డెకాల్ మీద ఉన్న నంబరు ఏ విమానానిదో, ఆ విమానం ఫొటోలోనే అన్నీ చూసుకోవాలి. సాధారణ నియమాలు అక్కడ చెల్లవు.

విమానం నిలబడి ఉన్న తీరు కూడా అలాంటిదే. ఫ్లాప్‌లు (రెక్క వెనక కిందికి దిగే పలకలు) దించడానికి ఇత్తడి సెట్లు దొరుకుతాయి, లోపలి పక్కటెముకలతో సహా. స్పిట్‌ఫైర్ విషయంలో ఆ శ్రమ ఎక్కువసార్లు తప్పుదారే. దాని ఫ్లాప్‌లు గాలి ఒత్తిడితో పనిచేసేవి, దిగిన వెంటనే పైలట్ వాటిని పైకెత్తేసేవాడు. నేల మీద నిలిపిన స్పిట్‌ఫైర్ ఫొటోల్లో దించిన ఫ్లాప్‌లు అరుదు. మస్టాంగ్ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఇంజన్ ఆపాక హైడ్రాలిక్ ఒత్తిడి మెల్లగా తగ్గి ఫ్లాప్‌లు, చక్రాల లోపలి తలుపులు వాటంతటవే కిందికి జారేవి. బీఎఫ్ 109 రెక్క ముందంచు స్లాట్లు (ముందుకు జారే పలకలు) గాలి ఒత్తిడి లేనప్పుడు తరచూ బయటికి వచ్చి ఉండేవి. ఎలివేటర్లు (తోక రెక్కల కదిలే పలకలు) వాలి ఉంటే కాక్‌పిట్‌లో స్టిక్ ముందుకు వంగి ఉండాలి. ఎడమ ఐలెరాన్ (రెక్క చివర కదిలే పలక) పైకి ఉంటే కుడిది కిందికి, స్టిక్ ఎడమకి. వేలు పోసి కొన్న కాక్‌పిట్ కంటే ఈ పొందిక చూసినవాళ్లకు విమానం తెలిసినవాడు కట్టాడన్న నమ్మకం ఎక్కువ కలిగిస్తుంది. పైగా దీనికి ఖర్చేమీ లేదు. ఎలివేటర్‌ను కత్తి వెనక వైపుతో పదే పదే గీసి విడదీసి, ముందంచు గుండ్రంగా చేసి, వాల్చి అతికిస్తే సరి.

రంగు గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కర్లేదు. దూరం పెరిగేకొద్దీ గాలిలో రంగు పాలిపోతుంది కనుక స్కేల్ చిన్నదయ్యేకొద్దీ రంగులో తెలుపు కలపాలని ఒక పాత వాదం ఉంది. 1/72కి సుమారు 15 శాతం, 1/48కి 10 శాతం అని లెక్కలు కూడా చెప్తారు. లెక్క కంటే కంటిని నమ్మడమే మంచిది. ముఖ్యంగా నలుపుని ముదురు బూడిద చేయకుండా వేస్తే చెక్కిన వివరాలన్నీ అందులో మునిగిపోతాయి.

మోడలర్ల అంతర్జాతీయ సంఘం ఐపీఎంఎస్ 1963లో బ్రిటన్‌లో మొదలైంది. దాని పోటీల్లో న్యాయనిర్ణేతలు ముందు చూసేది అతుకులు, రెక్కల సమతూకం, చక్రాలు తిన్నగా ఉన్నాయా లేదా అన్నవి. రెజిన్ ఇంజన్ పెట్టిన మోడల్ రెక్క ఒకటి కిందికి వాలి ఉంటే మొదటి వడపోతలోనే పోతుంది. మార్పులు చేసే ప్రతిసారీ ఈ ప్రమాదం పెరుగుతుంది. కోసి అతికించిన ప్రతి చోటా ఒక డిగ్రీ వంకరకి అవకాశం ఉంటుంది. అందుకే ప్రతి అతుకు తర్వాతా ముందు నుంచి, పై నుంచి, వెనక నుంచి చూసి బంక ఆరకముందే సరిచేయాలి. ముక్కు చక్రం ఉన్న విమానానికైతే బాడీ మూసే ముందు ఇంకో పరీక్ష ఉంది. వెనక రెజిన్ జెట్ గొట్టం చేరిస్తే కిట్ కాగితంలో చెప్పిన బరువు చాలదు. అన్ని భాగాలూ టేపుతో కలిపి, ప్రధాన చక్రాల చోట ఆనించి, ముక్కు కిందికి వాలేదాకా సీసం వేసుకోవాలి. ఒకసారి మూశాక అక్కడికి మళ్లీ దారి ఉండదు.

యాంటెనా తీగ, వేగం కొలిచే పిటో గొట్టం, తుపాకీ మొనలు అన్నిటికంటే చివర. అసలు తీగ 3 మిల్లీమీటర్లు అనుకున్నా 1/48లో 0.06. స్ప్రూని (కిట్ భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మంట మీద మెత్తబరిచి లాగితే అంత సన్నం వస్తుంది. సాగే దారం అయితే పొరపాటున వేలు తగిలినా తెగదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి చాలా బ్రిటిష్ బైప్లేన్లలో (పైనొకటి కిందొకటి రెక్కలున్న విమానాల్లో) రెక్కల మధ్య తీగలు గుండ్రనివి కావు, గాలిని కోసేలా చదునైనవి, కాబట్టి వాటికి చదునైన సాగే దారమే వాడాలి. కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ పిటో గొట్టాన్ని మొదట్లోనే కోసి పక్కన పెట్టేయడం మంచిది. ఎలాగూ రుద్దుతుంటే అది విరుగుతుంది. ఒకదానిలో ఒకటి దూరే రెండు సన్న ఇత్తడి గొట్టాల్ని రెక్కలో రంధ్రం చేసి, రంగులు, డెకాళ్లు, మాట్ పూత అన్నీ అయ్యాక దిగ్గొడితే తిన్నగా నిలబడుతుంది, వంగినా మళ్లీ లాగి సరిచేసుకోవచ్చు.